తరవాణి కుండ

కాశీబుగ్గ మందుల షాపులో
జబ్బు పేరు చెప్పక్కర్లేదు, రంగు చెబితే చాలు.
ఎరుపూ నలుపూ, అన్నాను.
కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండానే
షీటు కత్తిరించి ఇచ్చాడు.

మా అత్త దుంపల తవిటమ్మది
జీడిపిక్కలు కొట్టి కొట్టి ఇరవై రెండేళ్ల కుడిచెయ్యి.
బూడిద రాసుకున్నా ఆగని జీడినూనె
చూపుడువేలి గోరు కింద దూరి చీము పట్టింది.
రాత్రంతా చెయ్యి పైకెత్తి గోడకి జేరబడి కూర్చునేది,
ఎవరి మీదో సాక్ష్యం చెప్పడానికి లేచిన మనిషిలాగ.

ఐదు రోజులకి వేలు మానింది.
గట్టిగా తగ్గాలని నేనే మరో ఐదు రోజులు మింగించాను.
ఆ వారమే పన్ను సలిపితే
ఇంకో రంగు.

తర్వాత కడుపు జారింది.
పొద్దున్న ఒకటి, మధ్యాన్నానికి నాలుగు,
చీకటి పడ్డాక లెక్క మానేశాం.
జ్వరం. పొత్తికడుపులో మెలి.
పెరట్లో ఎన్నడూ ఎరగని వాసన.
"నానేటి తిన్నానే, గంజి తప్ప" అని ఆవిడ.
మళ్లీ పరిగెత్తి షాపు ముందు నిలబడ్డాను.
ఈసారి ఏ రంగు చెప్పాలో తెలీలేదు.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
కడుపు సంగతి తర్వాత అడిగింది.
ముందు, ఈ రెండు నెలల్లో ఏం మాత్రలు వేశారంది.
సంచీలోంచి ఖాళీ షీట్లు తీసి బల్ల మీద పరిచాను.
కాసేపు వాటినే చూసింది.
పేగుల్లో కంటికి కనపడనివి కోట్లుంటాయమ్మా,
అవి ఉన్నంతసేపూ చెడ్డదానికి చోటు దొరకదు.
వేలి కోసం వేసిన మందు
వేలి దగ్గరే ఆగదు కదా, అంది.

నాకు కుండ గుర్తొచ్చింది.

కాపరానికొచ్చిన కొత్తలో
వసారా మూల తరవాణి కుండ చూసి ముక్కు మూసుకున్నాను.
అంచుకి తెల్లటి జిగురు, లోపల పులిసిన గంజి.
పదో తరగతి చదువుకున్నదాన్ని కదా,
పంచాయితీ వాళ్లిచ్చిన బ్లీచింగు కలిపి
పీచు అరిగేదాకా తోమి ఎండలో బోర్లించాను.
అత్త ఏమీ అనలేదు.
కొత్త గంజి పోసి మూడు రోజులు చూసింది.
పులవలేదు. కుళ్లింది.
నల్లటి నూగు తేలింది పైన.
"కుండ కడగలేదే పిల్లా,
ఊరు కాళీ సేయించీసినావు."

వార్డులో పన్నెండు రోజులు.
మందు తెచ్చినదాన్ని దింపడానికి మళ్లీ మందే రాశారు.
"అదేటే!" అని నవ్వబోయి
నవ్వు సగంలో వదిలేసి బాత్రూముకి లేచింది.
గోడ మీది సీసా నొక్కి చేతులు రుద్దుకుంటే సరిపోదంది నర్సు,
ఇది గింజలాగ ముడుచుకుని పడుంటుంది,
సబ్బూ నీళ్లే కావాలి.
బకెట్టు చెవి, మంచం కమ్మీ, తలుపు గడియ,
బ్లీచింగు నీళ్లతో తుడిచాను.
ఆ వాసనకి మా ఇద్దరి కళ్లూ కలిశాయి.
ఆవిడే ముందు తల తిప్పుకుంది.

తరవాణి పొయ్యొచ్చా అని అడిగాను, సిగ్గుపడుతూనే.
అది మందు కాదు, ఇప్పుడు వద్దు,
తగ్గి ఆకలేశాక ఆవిడ ఇష్టం, అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చేసరికి కుండ అడుగున
ఎండిన పొర, పగుళ్లు.
అత్త చంకలో చెయ్యేసి దింపాను, పిట్టంత తూగింది.
మందుల షాపు కుర్రాడు గట్టు మీంచి
"తగ్గిందా అక్కా, బలానికేమైనా ఇమ్మంటావా?" అన్నాడు.
మంచోడే పాపం.
వద్దన్నాను.

మరో నెలకి, ఆకలి నిలబడ్డాక,
పాపమ్మ ఇంటి నుంచి గరిటెడు పాత పులుపు తెచ్చి
కొత్త గంజిలో కలిపాను.
రెండో రోజే మూత తీసి వాసన చూస్తుంటే
మంచం మీంచి గొంతు:

"తొందరేటే.
అవి రావాలి కదా."